దిబ్బలు తవ్వేముందు ఆ మట్టిలోని ప్రాణుల జాబితా రాయాలి

2024 జూన్ 20న కర్ణాటక మంత్రివర్గం మన కె.జి.ఎఫ్. సైనైడ్ దిబ్బల గురించి ఒక నిర్ణయం తీసుకుంది. భారత్ గోల్డ్ మైన్స్ కంపెనీకి చెందిన 13 దిబ్బలను, మొత్తం 1,003.4 ఎకరాల మేర, మళ్ళీ తవ్వి అందులో మిగిలిన బంగారం తీయాలన్న కేంద్ర ప్రభుత్వ ప్రతిపాదనకు సమ్మతి ఇచ్చింది. ఆ దిబ్బల్లో ఉన్నది సుమారు 3.3 కోట్ల టన్నుల మట్టి అని లెక్క. నూరేళ్ళకు పైగా మన తాతలు, తండ్రులు భూమి అడుగు నుండి పైకి పంపిన రాయి మిల్లులో పొడి అయి, సైనైడ్ నీళ్ళలో నాని, బంగారం పోగొట్టుకుని అక్కడ చేరింది.

అప్పటి నుండి రాబర్ట్‌సన్‌పేట టీ కొట్లలోనూ, మారికుప్పం నుండి బెంగళూరు పోయే రైలులోనూ ఇదే చర్చ. పిల్లలకు ఊళ్ళోనే పని దొరుకుతుందా? గాలికాలంలో ఇప్పటికే ఇళ్ళలో పడే ధూళి ఇంకా ఎక్కువవుతుందా? పాత కార్మికుల బకాయిల మాటేమిటి? ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే, వీటి మీద మన సంఘం ముందూ రాసింది, ఇక ముందూ రాస్తుంది. ఈసారి మాత్రం ఎవరూ ఎత్తని ఒక సంగతి ఎత్తదలచుకున్నాము. ఆ మట్టిలోనూ, మూతపడిన గనుల్లో నిండిన నీళ్ళలోనూ బతికే సూక్ష్మజీవుల సంగతి.

కార్యవర్గ సమావేశంలో ఈ మాట తేగానే చాంపియన్ రీఫ్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఒక పెద్దాయన నవ్వేశారు. "ఏమప్పా, సైనైడ్ పోసిన మట్టిలో గడ్డి కూడా సరిగ్గా మొలవదు. దాంట్లో ప్రాణం యాడుండాది?" అన్నారు. చాలామంది ఇళ్ళలో ఇదే మాట వస్తుందని మాకు తెలుసు. అందుకే సమాధానం కాస్త వివరంగానే చెబుతాము.

దక్షిణాఫ్రికాలో జోహన్నెస్‌బర్గ్‌కు దగ్గరలో మ్పోనెంగ్ అనే బంగారు గని ఉంది. ప్రపంచంలోకెల్లా లోతైన గని అది. అక్కడ 2.8 కిలోమీటర్ల లోతులో రాతి పగుళ్ళ నుండి కారే నీటిని శాస్త్రవేత్తలు వేల లీటర్ల కొద్దీ వడకట్టారు. ఫిల్టరు మీద చిక్కిన డి.ఎన్.ఎ. అంతటినీ కలిపి చదివారు. అందులో 99.9 శాతం ఒకే ఒక్క బ్యాక్టీరియాది. ఎండ లేదు, ఆక్సిజన్ లేదు, 60 డిగ్రీల వేడి. తోడుకు మరో జీవి లేదు. రాతిలోని యురేనియం వెలువరించే కిరణాలు నీటిని విడగొడితే హైడ్రోజన్ వస్తుంది. దాన్నీ, నీటిలోని సల్ఫేటునూ వాడుకుని అది ఒంటరిగా కాపురం చేస్తోంది. 2008లో 'సైన్స్' పత్రికలో ఈ సంగతి వెలువడింది. దానికి పెట్టిన పేరు డీసల్ఫోరూడిస్ ఆడాక్స్‌వయేటర్. ఆడాక్స్‌వయేటర్ అంటే ధైర్యం గల బాటసారి. జూల్ వెర్న్ రాసిన భూగర్భ యాత్ర నవలలోని లాటిన్ మాటల నుండి ఆ పేరు తీసుకున్నారు.

ఆ లోతు మనకు కొత్త కాదు. చాంపియన్ రీఫ్ 3.2 కిలోమీటర్ల దాకా దిగింది. 2.8 కిలోమీటర్ల లోతులో ప్రాణం ఉండగలదని పక్క ఖండంలో రుజువయ్యాక, మన దిబ్బల పైమట్టిలో ప్రాణం ఉండదని అనుకోవడానికి కారణమే లేదు. గడ్డి మొలవకపోతే మొలవకపోనీ. రాయినీ, గంధకాన్నీ, ఇనుమునూ తిని బతికే బ్యాక్టీరియాకు గడ్డితో పనేముంది?

ఇక్కడ మన ఊరి చరిత్ర ఒకటి గుర్తు చేయాలి. భూమి మీద పడే విశ్వకిరణాల నుండి పుట్టిన న్యూట్రినోలను మొదట పట్టుకున్న చోట్లలో కె.జి.ఎఫ్. ఒకటి. టాటా ఇన్‌స్టిట్యూట్ వారు, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయాల వారు కలిసి చాంపియన్ రీఫ్‌లో 2 కిలోమీటర్లకు పైగా లోతున పరికరాలు పెట్టారు. వారి ఫలితం 1965 ఆగస్టు 15 సంచికలో అచ్చయింది. సరిగ్గా అదే రోజుల్లో అదే పని చేస్తున్న మరో బృందం ఎక్కడుందంటే దక్షిణాఫ్రికా బంగారు గనిలోనే. వారి ఫలితం అదే నెల చివరిలో అచ్చయింది. అంటే 1965లో ఈ రెండు దేశాల బంగారు గనులు సరిసమానంగా పరుగెత్తాయి. 2008లో సూక్ష్మజీవుల పందెం వచ్చేసరికి వారి గని నడుస్తోంది. మన గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. పంపులు ఆగాయి, గుంతలు నీళ్ళతో నిండాయి.

మూసేసిన గని కాబట్టి అంతే సంగతులు అని అనుకోనక్కరలేదు. అమెరికాలో దక్షిణ డకోటా రాష్ట్రంలో హోమ్‌స్టేక్ అనే బంగారు గని ఉంది. సుమారు 2.4 కిలోమీటర్ల లోతు. మన గని మూతపడిన కొద్ది కాలానికే, 2002లో అదీ మూతపడింది. 2003లో పంపులు ఆపితే అదీ నీళ్ళతో నిండింది. అక్కడ కూడా 1960ల నుండి న్యూట్రినో ప్రయోగాలు జరిగాయి. కథ ఇక్కడి వరకు అచ్చం మనదే. తరువాత ఆ రాష్ట్ర ప్రభుత్వం గనిని తన చేతికి తీసుకుని, నీళ్ళు తోడించి, శాన్‌ఫర్డ్ భూగర్భ పరిశోధన కేంద్రంగా మార్చింది. ఇప్పుడక్కడ భౌతికశాస్త్రంతో పాటు లోతైన గని సూక్ష్మజీవుల కోసం ప్రత్యేకంగా ఒక పరిశీలనా కేంద్రం నడుస్తోంది. రాతి పగుళ్ళ నీటి నుండి డి.ఎన్.ఎ. తీసి, ప్రయోగశాలలో ఎవరూ పెంచని జీవుల జీనోమ్‌లు అక్కడ బయటికి తీశారు. అక్కడ గని మూతపడ్డాక ఊరికి ఒక పరిశోధన సంస్థ దక్కింది. మన వాళ్ళకు తెల్లవారుజామున బెంగళూరు రైలు దక్కింది.

మన దేశంలో ఈ పని చేయగలిగినవారు లేరా అంటే ఉన్నారు. మహారాష్ట్రలో కొయినా భూకంపాల పరిశోధనకు తవ్విన లోతైన బోర్ల నుండి తీసిన రాతిలో సూక్ష్మజీవుల డి.ఎన్.ఎ.ను ఐ.ఐ.టి. ఖరగ్‌పూర్ వారు చదివారు, 2018లో ఫలితాలు ప్రకటించారు. దక్కను రాతిపొరల కిందున్న, కోట్ల ఏళ్ళనాటి గట్టి రాతిలోనూ ప్రాణం ఆనవాళ్ళు దొరికాయి.

ఇంతకూ డి.ఎన్.ఎ.ని కలిపి చదవడమంటే ఏమిటి? పాత పద్ధతిలో కొత్త బ్యాక్టీరియా దొరికిందని చెప్పాలంటే దాన్ని గాజు పళ్ళెంలో పెంచాలి. మనకు తెలిసిన మేత వేసి, మనకు తెలిసిన వేడిలో ఉంచి చూడాలి. చిక్కేమిటంటే మట్టిలోని సూక్ష్మజీవుల్లో చాలా ఎక్కువ భాగం ఈ పళ్ళేల్లో పెరగవు. వాటికి ఏం కావాలో మనకు తెలియదు. అందుకని కొత్త పద్ధతిలో పెంచే ప్రయత్నమే చేయరు. చెంచాడు మట్టిలో ఉన్న డి.ఎన్.ఎ. అంతా ఒక్కసారే తీసి, ముక్కలుగా చదివి, కంప్యూటరులో అతికిస్తారు.

గుమాస్తాగిరీ చేసినవాళ్ళం కనుక మా భాషలో చెబుతాము. ఒక ఆఫీసులో యాభై రిజిస్టర్లను చింపి, ముక్కలన్నీ ఒకే బస్తాలో పోశారనుకోండి. ఏ ముక్క ఏ రిజిస్టరుదో ఎలా చెప్పాలి? మొదట అంచులు చూస్తాం. ఒక ముక్క చివర ఉన్న మాటలు ఇంకో ముక్క మొదట్లో ఉంటే రెండూ పక్కపక్కనివే. తరువాత దస్తూరీ చూస్తాం. ఒక గుమాస్తా కొన్ని అక్షరాలను ఒక తీరుగా కలుపుతాడు, ఇంకొకడు ఇంకో తీరుగా. డి.ఎన్.ఎ.లోనూ అంతే, నాలుగు అక్షరాలే అయినా ఒక్కో జీవిలో అవి గుంపులు కట్టే తీరు వేరు. ఇంకో ఆనవాలు కూడా ఉంది. ఒకే రిజిస్టరుకు పది కాపీలు బస్తాలో పడి ఉంటే దాని ముక్కలన్నీ పదేసిసార్లు కనిపిస్తాయి. అలా లెక్క కట్టి, దస్తూరీ పోల్చి, ఒక్కో రిజిస్టరును మళ్ళీ కుడతారు. పూర్తిగా కుట్టలేకపోవచ్చు, పక్క రిజిస్టరు ఆకులు కొన్ని కలిసిపోవచ్చు. ఎంత కుట్టారు, ఎంత కలగలిసింది అన్నది కూడా కొలిచి చెబుతారు. సాధారణంగా 90 శాతానికి పైగా దొరికి, కలగలుపు 5 శాతం లోపల ఉంటే అది మంచి జీనోమ్ కింద లెక్క.

ఇప్పుడు దిబ్బల దగ్గరికి వద్దాం. ఈ మట్టిలో బంగారం, ఇనుము, గంధకం, ఆర్సెనిక్, సైనైడ్ అవశేషాలు ఉంటాయి. ఇవి మామూలు పొలం మట్టిలో లేని దినుసులు. ఇలాంటి మట్టిలో బతకడం నేర్చిన బ్యాక్టీరియాతో మనిషికి పని ఉంది. ఇప్పుడు చెప్పిన హోమ్‌స్టేక్ గనిలోనే 1984 నుండి మురుగునీటిలోని సైనైడ్‌ను విరగగొట్టడానికి బ్యాక్టీరియాను వాడారు. ఆస్ట్రేలియా బంగారు గనుల్లో బంగారు రేణువుల మీద పొరలా పెరిగే కుప్రియావిడస్ మెటాలిడ్యురాన్స్ అనే జీవిని 2006లో గుర్తించారు. నీటిలో కరిగిన బంగారం దానికి విషం, ఆ విషం నుండి తప్పించుకోవడానికి దాన్ని తిరిగి గట్టి బంగారంగా మార్చేస్తుంది. క్రోమోబ్యాక్టీరియం వయొలేసియం అనేది ఇంకో వింత. సైనైడ్‌ను అదే తయారు చేసుకుని బంగారాన్ని కరిగించగలదు. మన మిల్లుల్లో అంతమంది చేసిన పని అది ఒంటరిగా చేసేస్తుందన్నమాట! మన రాష్ట్రంలోనే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారు హట్టి గనులతో కలిసి బ్యాక్టీరియా సాయంతో మొండి ఖనిజం నుండి బంగారం తీసే పద్ధతి మీద పనిచేశారు.

మన గనుల మట్టి తీసుకుపోయి బ్యాక్టీరియాను పెంచి చూసిన పరిశోధకులు ముందూ ఉన్నారు. వారి శ్రమను మేము తక్కువ చేయడం లేదు. మేము అడిగేది అంతకన్నా పెద్ద పని. 13 దిబ్బల్లోనూ పైన, నడుమ, అడుగున మట్టి తీసి మొత్తం డి.ఎన్.ఎ. చదవాలి. తవ్వకం మొదలయ్యాక ఆ మట్టి మళ్ళీ నీళ్ళలో కలుస్తుంది, మళ్ళీ రసాయనం పడుతుంది, ఇంకో చోటికి పోతుంది. వందేళ్ళుగా ఆ మట్టి పొరల్లో ఒక క్రమంలో కుదురుకున్న జీవులు చెల్లాచెదరవుతాయి. తరువాత ఎంత డబ్బు పెట్టినా ఆ పాత క్రమం దొరకదు. అందుకే ముందు అనే మాట మీద పట్టుబడుతున్నాము.

కొత్తది దొరికితే పేరు ఎవరు పెడతారు? ఇది కొందరికి చిన్న విషయంగా తోచవచ్చు, మాకు తోచదు. బ్యాక్టీరియా పేరు మన తెలుగువాళ్ళ పేరులాగే ఉంటుంది. ముందు ఇంటిపేరు, తరువాత సొంత పేరు. 2005 ఏప్రిల్‌లో హైదరాబాదులోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుండి ఇస్రో ఒక బెలూను ఎగరేసింది. మన గనిలో పరికరాలు దించిన ఆ టాటా ఇన్‌స్టిట్యూటే. అది 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టి తెచ్చింది. ఆ గాలిని హైదరాబాదు సి.సి.ఎం.బి.లోనూ, పుణె సంస్థలోనూ పరీక్షిస్తే మూడు కొత్త బ్యాక్టీరియాలు తేలాయి. 2009లో వాటికి జానిబ్యాక్టర్ హోయిలీ, బేసిల్లస్ ఇస్రోనెన్సిస్, బేసిల్లస్ ఆర్యభట్టై అని పేర్లు పెట్టారు. ఒకటి శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ పేరు, ఒకటి ఇస్రో పేరు, ఒకటి ఆర్యభటుని పేరు. తరువాత బేసిల్లస్ కుటుంబాన్ని పునర్విభజన చేస్తే ఆర్యభట్టై ఇంటిపేరు ప్రీస్టియా అయింది, ఇస్రోనెన్సిస్ ఇంటిపేరు సోలిబేసిల్లస్ అయింది. పెళ్ళయిన అమ్మాయికి ఇంటిపేరు మారినట్టే. సొంత పేరు మాత్రం పోలేదు.

తెలుగు ఊళ్ళూ ఈ జాబితాలో ఉన్నాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సి.హెచ్.వి. రమణ గారు, జె.ఎన్.టి.యు.లో సి.హెచ్. శశికళ గారు, వారి శిష్యులు సముద్రతీరాల్లో ఎండతో బతికే ఊదారంగు బ్యాక్టీరియాల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. 2007లో వచ్చిన పేర్లు చూడండి. రోడోవులం విశాఖపట్నమెన్స్, థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్, మారిక్రొమేషియం భీమ్లికం. ఈ చివరిది మన భీమిలి. పేరు చదివినవాడు జర్మనీలో ఉన్నా జపాన్‌లో ఉన్నా ఆ జీవి ఏ ఊరిదో తెలుసుకోగలడు. ఆ ఊరికి దానిమీద ఏ హక్కు ఉందన్నది వేరే సంగతి, కనీసం పుట్టిన చోటు చెరిగిపోదు.

పైన చెప్పినవన్నీ పళ్ళెంలో పెంచిన జీవులు. వాటికి పేరు పెట్టడానికి నియమం స్పష్టం. ఆ జీవిని ప్రాణంతో రెండు వేర్వేరు దేశాల భాండాగారాల్లో దాచాలి. అప్పుడే పేరు చెల్లుతుంది. మట్టిలోంచి నేరుగా చదివిన జీనోమ్‌కు దాచడానికి ప్రాణి ఎక్కడిది? అందుకే 1990ల నుండి అలాంటివాటి ముందు 'కాండిడేటస్' అని తగిలించడం మొదలుపెట్టారు. అంటే అభ్యర్థి. ఏళ్ళ తరబడి టెంపరరీగా పనిచేసినవాళ్ళకు ఆ మాటలోని బాధ తెలుస్తుంది. మ్పోనెంగ్ బాటసారి కూడా అలా అభ్యర్థిగానే లోకానికి పరిచయమయ్యాడు. అతని చుట్టాన్ని 2019లో సైబీరియాలోని ఒక లోతైన బోరు నీటి నుండి ప్రయోగశాలలో పెంచగలిగారు. అందరికీ ఆ అదృష్టం ఉండదు. డి.ఎన్.ఎ. సమాచారాన్నే పేరుకు ఆధారంగా ఒప్పుకోవాలని అడిగితే పాత కమిటీ 2020లో తోసిపుచ్చింది. దాంతో శాస్త్రవేత్తలు 2022లో సీక్‌కోడ్ అని వేరే నియమావళే పెట్టుకున్నారు. దాని ప్రకారం మంచి నాణ్యత గల జీనోమ్ ఉంటే చాలు, పేరు చెల్లుతుంది. రెండు రిజిస్ట్రారు ఆఫీసులు ఉన్నట్టయింది. చిక్కే, కానీ తలుపు తెరుచుకుంది.

అదే 2022లో ఇంకో పని జరిగింది. పేరు లేని జీనోమ్‌లు పెరిగిపోతున్నాయని, కంప్యూటరు చేత లాటిన్‌లాగా వినిపించే పేర్లు అల్లించి ఒక్క దెబ్బలో 65 వేలకు పైగా పెట్టేశారు. వాటికి అర్థం ఉండదు, ఊరు ఉండదు. నియమబద్ధంగా పేరు పొందిన బ్యాక్టీరియా జాతులు 20 వేల పైచిలుకైతే, జీనోమ్ జాబితాలకెక్కినవి లక్ష దాటాయి కనుక వారి ఇబ్బంది మాకు అర్థమవుతుంది. అయినా మాకు నచ్చలేదు. గనిలో పేరుకు బదులు నంబరు బిళ్ళతో పిలిపించుకున్నవాళ్ళ బిడ్డలం మనం. మన మట్టిలో పుట్టినదానికి కంప్యూటరు అల్లిన పేరు పెట్టకముందే మన వంతు మనం అడగాలి.

తెలుగు పేరే పెట్టాలని మన సంఘం పట్టుబడుతోందని ఎవరూ అనుకోవద్దు. ఈ గనుల్లో తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే చేతులు కలిసే రాయి పగలగొట్టాయి. చిత్తూరు పల్లెల నుండి వచ్చినవారెంతో, ఉత్తర ఆర్కాడు నుండి వచ్చినవారూ అంతే. కోలారెన్సిస్ అన్నా, ఊరగాం పేరుతో ఏదో ఒకటన్నా మూడు భాషలవారికీ సొంతమే. లాటిన్ తోక తగిలిస్తే అది ఏ భాషదీ కాదు, అందరిదీ అవుతుంది.

పేరు తరువాత ఆస్తి సంగతి. 2002 జీవవైవిధ్య చట్టం సూక్ష్మజీవులనూ, వాటి జన్యు పదార్థాన్నీ జీవ వనరులలోనే చేర్చింది. 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి కనుగొన్నవారు దాని నమూనాను ప్రభుత్వం నిర్ణయించిన భాండాగారానికి ఇవ్వాలి. చట్టం రాసినప్పుడు నమూనా అంటే సీసాలో పెట్టగలిగేది అన్న ఊహే ఉంది. కంప్యూటరు ఫైలుగా మాత్రమే ఉన్న జీవికి సీసా ఏది? ఆ ఫైలు అంతర్జాతీయ డేటా కేంద్రానికి ఎక్కిందంటే ఏ దేశం కంపెనీ అయినా దించుకుని, అందులోని సైనైడ్ విరగగొట్టే ఎంజైము జన్యువును తన ప్రయోగశాలలో తయారు చేసుకోగలదు. మట్టి పిడికెడు కూడా ఎత్తుకుపోనక్కరలేదు.

ఈ చిక్కు మీదే దేశాలన్నీ ఏళ్ళ తరబడి వాదులాడుకుని 2024లో కొలంబియాలోని కాలిలో ఒక ఒప్పందానికి వచ్చాయి. 2025 ఫిబ్రవరి 25న రోమ్‌లో కాలి నిధిని ప్రారంభించారు. జన్యు సమాచారంతో లాభపడే పెద్ద కంపెనీలు తమ లాభంలో 1 శాతమో, రాబడిలో 0.1 శాతమో ఆ నిధికి ఇవ్వాలని, అందులో కనీసం సగం మూలవాసులకు, స్థానిక సముదాయాలకు చేరాలని ఉద్దేశం. ఇవ్వాలన్నది బలవంతం కాదు, అదే దాని బలహీనత. పైగా స్థానికులు అని చెప్పుకోవడానికి కాగితం ఉండాలి కదా. ఆ కాగితం మన చట్టంలోనే ఉంది. 41వ సెక్షన్ కింద ప్రతి స్థానిక సంస్థా జీవవైవిధ్య నిర్వహణ కమిటీ వేయాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. ఆ రిజిస్టర్లలో వేపచెట్టు, నల్లతుమ్మ, నాటు ఆవు వంటివి రాయడం వాడుక. సూక్ష్మజీవుల పేజీ కూడా తెరవమని అడిగే హక్కు మనకుంది.

దిబ్బలకు దూరంగా ముళబాగిలులోనో శ్రీనివాసపురంలోనో ఉన్నవారు ఇది కె.జి.ఎఫ్. గొడవ అనుకోవచ్చు. 2018 నుండి బెంగళూరు కోరమంగళ, చల్లఘట్ట లోయల మురుగునీటిని శుద్ధి చేసి మన జిల్లా చెరువులకు తోలుతున్నారు. భూగర్భ జలం పెరిగింది, రైతు సంతోషించాడు, అది కాదనము. కానీ ఆ నీటిలో ఏ క్రిములు వస్తున్నాయి, మందులకు లొంగని గుణం గల జన్యువులు ఉన్నాయా అన్నది తెలుసుకునే పద్ధతి కూడా ఇదే. కరోనా కాలంలో బెంగళూరు మురుగునీటి శుద్ధి కేంద్రాల నీళ్ళలోనే వైరస్ జన్యువును చదివి ఏ రకం పాకుతోందో పసిగట్టారు. బెంగళూరు మురుగును బెంగళూరు కోసం చదవగలిగినప్పుడు, కోలారు చెరువులో పడ్డాక కోలారు కోసం చదవడం గొంతెమ్మ కోరిక కాదు. దిబ్బలకు ఒకసారి చదివితే సరిపోవచ్చు, చెరువులకు ఏటేటా చదవాలి.

భయపడేవారికి ఒక మాట. దిబ్బలో కొత్త బ్యాక్టీరియా ఉందంటే కొత్త రోగం ఉందని కాదు. రాయిని తినేదానికి మన ఒంట్లో మేత దొరకదు. మనకు హాని చేసేది ఆ ధూళీ, అందులోని రసాయనాలూ. ఇంకో మాట కుర్రవాళ్ళకు. ఈ వ్యాసం చదివి సీసాలు పట్టుకుని పాత షాఫ్టుల దగ్గరికి ఎవరూ పోవద్దు. మూతపడిన గుంతల్లోకి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారిని ఈ ఊరు చూసింది. మట్టి తీయడం తెలిసినవారి పని, అనుమతితో జరగవలసిన పని.

మన సంఘం తరఫున నగరసభకు, జిల్లాధికారికి, రాష్ట్ర జీవవైవిధ్య మండలికి ఒక అర్జీ తయారవుతోంది. తవ్వకం టెండరు షరతుల్లోనే ముందస్తు జీనోమ్ సర్వే చేర్చాలని, ప్రతి దిబ్బ నుండీ తీసిన మట్టి కొంత మన దేశపు భాండాగారంలో గడ్డకట్టించి దాచాలని, ఫలితాలు కన్నడం, తెలుగు, తమిళం మూడింటిలోనూ ప్రకటించాలని అందులో కోరుతున్నాము. డేటాను ప్రపంచం ముందు పెట్టడానికి మాకు అభ్యంతరం లేదు, కాకపోతే ఆ ఫైలు మీద తీసిన చోటు అన్న గడిలో భారతదేశం అని మాత్రమే రాసి ఊరుకోకుండా దిబ్బ పేరు, ఊరి పేరు ఉండాలి. అర్జీ కన్నడంలో ఉంటుంది, తెలుగు ప్రతిని సంఘం గదిలో చదువుకోవచ్చు. తమిళ, కన్నడ సంఘాల పెద్దలతో కూడా మాట్లాడుతున్నాము. ఈ ఒక్క అర్జీ మీదైనా అందరి సంతకాలూ పక్కపక్కన ఉండాలని మా ఆశ.

దానికన్నా ముందు ఒక పని మన ఇళ్ళలోనే ఉంది. ఏ దిబ్బ ఏ మిల్లుది, ఏ ఏళ్ళలో పోశారు, ఎప్పుడు దాని మీద మళ్ళీ కొత్త మట్టి కుమ్మరించారు, వాన వస్తే దాని నీళ్ళు ఏ వైపు పోయేవి అన్నది మిల్లులో, ట్రాలీల మీద పనిచేసినవారికే బాగా తెలుసు. అడుగున తీసిన మట్టి 1920ల నాటిదా, 1970ల నాటిదా అని తేల్చడానికి శాస్త్రవేత్తకు ఈ వివరం అక్కరకొస్తుంది. అలాంటి పెద్దలు మన ఇళ్ళలో ఇంకా కొందరున్నారు. ఆదివారాలు ఉదయం పది గంటల నుండి సంఘం గదిలో ఒక నోటుపుస్తకం పెట్టుకుని కూర్చుంటున్నాము. రాలేనివారు కబురు చేస్తే మేమే ఇంటికి వచ్చి రాసుకుంటాము.